ఉట్టిమీది నావ

అట్లాంటా నగరమునకు ఉత్తరముగా ఒక గంట ప్రయాణపు దూరమున, చాటహూచీ నదికి బ్యూఫర్డు వద్ద అడ్డుకట్ట వేసి అమెరికా సైన్యపు ఇంజనీర్లు 1950వ దశకమున నిర్మించిన లేనియర్ సరస్సు తీరమున, మా పెద్దవాడును వాని మిత్రులిద్దరును ఉమ్మడిగా కొనిన పాంటూను పడవను మేము మొదటిసారి చూడబోయినప్పుడు, అది నీటిలో లేదు. నీటికి రెండడుగుల యెత్తున, రేకుల కప్పు క్రింద, రెండు దూలములపై, మేత మేసివచ్చి కొట్టములో నెమరు వేయుచున్న పాడియావువలె నిశ్చింతగా నిలిచియుండెను. నాతోకూడ వచ్చిన మా వియ్యంకుడు దానిని చూచి పకపక నవ్వి, "ఇదేమిటండీ బావగారూ, మావాళ్ళు పడవని ఉట్టెక్కించారు! పాలా, వెన్నా, పిల్లి ముట్టుకుంటుందని భయపడ్డానికి? పడవ నీళ్ళలో ఉండాలి గానీ గాల్లో ఎందుకండీ?" అనెను.

ఆయన నరసాపురపువాడు, యౌవనమున కొన్నియేండ్లు వశిష్ఠ గోదావరి రేవులో పంటు లెక్కలు వ్రాసినవాడు, నరసాపురమునుండి సఖినేటిపల్లి ఒడ్డునకు మనుష్యులను, సైకిళ్ళను, బండ్లను, మాఘమాసమున అంతర్వేది తీర్థమునకు పోవు జనసమ్మర్దమును దాటించు పంటుల రాకపోకలను చూచుచు పెరిగినవాడు. అట్టివాని మాటను నవ్వి త్రోసివేయుట నాకు యుక్తముగా తోచలేదు. ఆలోచించినకొలది, ఆ పరిహాసములో తరతరముల నావికానుభవ మొకటి దాగియున్నదనియు, ఆ యనుభవము సత్యమే అయినను ఈ పడవ విషయమున అది తలక్రిందులగుచున్నదనియు నాకు బోధపడెను. ఈ వ్యాసమునకు కారణము ఆ తలక్రిందులే.

కొయ్యపడవ నెరిగినవాడెవ్వడును దానిని ఎండలో నిలువనీయడు. ఎండ తగిలిన పలకలు తడియారి ముడుచుకొనును. పలకకును పలకకును నడుమ నార కూరి, గుగ్గిలము కాచి పూసిన అతుకులు నోళ్ళు తెరచును. మరల నీటిలో దింపినప్పుడు కొయ్య నీరు త్రాగి ఉబ్బి ఆ సందులను తానే మూసికొనువరకు సరంగు పడవలో కూర్చుండి నీరు తోడుచుండవలసినదే. అందుచేతనే ఒడ్డునకు లాగిన పడవమీద తాటియాకులో కొబ్బరిమట్టలో కప్పి, వీలున్న కాలమంతయు దానిని నీటిలోనే ఉంచుట మనవారి ఆచారమైనది. ఉప్పుటేరులలోను సముద్రపు కయ్యలలోను కొయ్యను తొలుచు పురుగుండుటచే అక్కడి బెస్తలు పడవను అప్పుడప్పుడు గట్టెక్కించి అడుగు ఆరబెట్టుదురు గాని, మంచినీటి పడవకు నీరే ప్రాణము, ఎండయే శత్రువు. మా బావగారి మాట ఆ పడవను గూర్చి చెప్పినచో వేదవాక్యము. కాని మా పిల్లల పడవలో కొయ్య తేలుట లేదు, తేలుచున్నది అల్యూమినియము.

పాంటూను పడవ యన నేమో తెలియని పాఠకులకు దానిని వర్ణించుట కష్టము కాదు, ఏలయన దాని జ్ఞాతులు మన నదులలో పుట్టి పెరిగినవే. కృష్ణానదిపై రెండు పడవలను ప్రక్కప్రక్కల నిలిపి వానిపై బల్లలు పరచి కట్టిన బల్లకట్టును చూచినవాడు దీనిని సగము చూచినట్లే. గోదావరి పంటు నెక్కినవాడు ముప్పాతిక చూచినట్లు. రెండు పొడవైన అల్యూమినియపు గొట్టములు, కొన్నింటికి మూడు, వానిపై చదునైన గచ్చువంటి బల్ల, చుట్టును కటకటాలు, లోపల మెత్తని ఆసనములు, వెనుక ఒక యంత్రము: ఇంతే. మిన్నెసోటా రాష్ట్రమున రిచ్మండు అను చిన్న యూరిలో ఆంబ్రోసు వీర్సు అను రైతు 1952లో ఇనుప పీపాలను వరుసగా అతికి రెండు స్తంభములుగా చేసి, వానిపై కొయ్యవేదిక అమర్చి సరస్సులో తేల్చినదే ఈ జాతి పడవలకు మూలపురుషుడని చెప్పుదురు. ఒరగదు, తూలదు, వృద్ధులును శిశువులును ఇంటి వసారాలో కూర్చున్నట్లు కూర్చుండవచ్చును. అట్లాంటా చుట్టుప్రక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబములు ఈ పడవపై మక్కువ చూపుటకు కారణమిదియే. పులిహోర గిన్నెలతో, మూడు తరములవారితో నీటిపై నెక్కుటకు ఇంతకంటె అనువైన వాహనము లేదు. ఈ సరస్సు పడమటి తీరముననున్న కమ్మింగు పట్టణమున కూరగాయల అంగడిలో తెలుగుమాట వినబడుట నేడు వింత కాదు; పడవ రేవులలో కూడ అది వినబడుచున్నది.

అట్లు వినబడు మాటలలో ఎక్కువపాలు కొనుగోలును గూర్చినవే: ఎన్ని గుఱ్ఱముల బలము, ఎన్ని గొట్టములు, ఎంత వాయిదా. దానిని ఎక్కడ ఉంచెదరు, ఏ కప్పు క్రింద ఉంచెదరు అను ప్రశ్న చివరకు వచ్చును. తరచు రానే రాదు. నా అభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాను: నీటిపైకెత్తు ఉట్టికిని, ఎండవానలను కాచు కప్పునకును ధనము చాలనివాడు, చాలినను మనస్సు రానివాడు, పడవ కొనుట మానుకొని కావలసిన దినమున అద్దెకు తీసికొనుట మేలు. పడవ సంవత్సరమునకు ఏ ఇరువది దినములో నీటిపై తిరుగును. తక్కిన మూడువందల నలుబది దినములును కట్టివేయబడి యుండును. చెడునది ఆ కట్టివేయబడిన దినములలోనే.

నీటిలో కట్టియుంచిన అల్యూమినియపు పడవకేమగునో చూడుడు. మొదటి వారమున గొట్టములపై జారుడుగా ఒక పొర ఏర్పడును. నెల తిరుగునప్పటికి అది పచ్చని నాచు. వేసవి ముగియునప్పటికి గట్టిపడిన గోధుమవన్నె పట్టీ. నాచువలన పడవ వేగము తగ్గుట, ఇంధనము వ్యర్థమగుట స్వల్పదోషములు. దానిని పోగొట్టుటకు చేయు ఉపచారములే మిక్కిలి అపాయకరములు: ఆమ్లము పూసి రుద్దినచో లోహపు మెరుపు పోయి ఉపరితలము దెబ్బతినును, నాచు పట్టకుండ అడుగున రంగు వేయుదమని రాగి కలిసిన రంగును తెలియక పూసినచో, మందనుకొని విషమిచ్చినట్లే అగును. రాగియు అల్యూమినియమును నీటిలో ఒకదానికొకటి తగిలినచో చిన్న బ్యాటరీవలె విద్యుత్తు పుట్టి, బలహీనమగు అల్యూమినియము క్రమముగా కరగిపోవును. గాలి సోకినంతనే తనపై తానే కప్పుకొను పలుచని భస్మపు పొరయే ఈ లోహమునకు సహజకవచము. ఆ కవచమునకు ఒకచోట చిల్లిపడి ఆ చోటు ఎల్లప్పుడు తడిగానే యుండినచో సూదిమొనవంటి గుంటలు పుట్టి లోనికి దిగును. ఇట్టి క్షయమునుండి కాపాడుటకు పడవకు ఒక బలిలోహపు దిమ్మెను బిగించుట గలదు; ఉప్పునీట జింకును, మంచినీట మెగ్నీషియమును తాము కరగి పడవను నిలుపును. అయినను ప్రక్క రేవులోని పడవలనుండియు, విద్యుత్తీగెలనుండియు దారితప్పిన విద్యుత్తు నీటిలో ప్రవహించుచుండగా ఆ బలిపశువు ఎంతకాలము నిలుచును? పడవను నీటినుండి పైకెత్తుటతో ఈ వ్యాధులలో అధికభాగము పుట్టుకనే కోల్పోవును.

ఎత్తు విధమును చూచి నా బావగారు నవ్వుట మానెను. మిన్నెసోటావంటి శీతలదేశములలో సరస్సుల అడుగున కాళ్ళు మోపిన అల్యూమినియపు చట్రములు, చక్రము త్రిప్పగా పైకి లేచు ఉక్కు మోకులు కలవు. అవియే నిజమైన ఉట్లు. శీతకాలమున సరస్సు గడ్డకట్టునప్పుడు మంచు ఒత్తిడికి చట్రములు విరుగునని ఆకురాలు కాలముననే వానిని ఒడ్డునకు లాగివేయుదురు. లేనియర్ సరస్సు గడ్డకట్టదు గాని, అక్కడి నీటిమట్టము ఋతువును బట్టియు, అనావృష్టిని బట్టియు హెచ్చుతగ్గు లగుచుండును. కావున అక్కడ రేవులే నీటిపై తేలును. వాని మధ్యనున్న ఎత్తుడు సాధనమును తేలునదే. పడవ దూలములకు ఇరుప్రక్కల పెద్ద తొట్లు కలవు. మీట తెరచినచో వానిలో నీరు నిండి దూలములు మునుగును. పడవను వానిపైకి నడిపి నిలిపి, మరియొక మీట నొక్కినచో ఒక చిన్న యంత్రము తొట్లలోనికి గాలి నూదును. గాలి చొచ్చినకొలది నీరు అడుగు రంధ్రములగుండ వెలికి పోవును. టన్నుకు పైబడిన పడవ ఏ గొలుసు చప్పుడును లేక, నిద్రించు శిశువును తల్లి రెండు చేతులతో ఎత్తుకొన్నట్లు, మెల్లగా నీటిమీదికి లేచును. ఆర్కిమిడీసు చెప్పిన సూత్రమే ఇది. ఒక ఘనపుటడుగు నీటిని తొలగించినచో 62 పౌనులకు పైబడిన బరువు లేచును గనుక, 3000 పౌనుల పడవను లేపుటకు సుమారు 50 ఘనపుటడుగుల గాలియు, ఎత్తుడు సాధనపు స్వంత బరువునకు మరికొంతయు చాలును. ఇదంతయు విని మా బావగారు, "అంటే మన బిందె బోర్లించి ఈత నేర్చుకున్నట్టేనండి" అనిరి. ఇంతకంటె చక్కని వ్యాఖ్యానము నేను వ్రాయజాలను.

ఉట్టి నీటినుండి కాపాడును. ఆకాశమునుండి కాపాడునది కప్పు. ఎండ తీవ్రత వలన ఆసనముల వినైలు తోలు తన మెత్తదనమును కోల్పోయి పెళుసై కుట్లవెంబడి చిట్లును. ఒకసారి చిట్లినచోట వాననీరు లోనికి దిగి స్పంజి కుళ్ళును. కుళ్ళిన ఆసనము వాసన మీకు చెప్పనక్కరలేదు. రేకుల కప్పు నడినెత్తి ఎండను, వానను ఆపును. కాని ఉదయ సాయంకాలములందు వాలుగా వచ్చు ఎండను అది ఆపజాలదు; తూర్పు పడమరలకు తెరచియున్న రేవులో పడవకు ప్రక్కతెరలో, గుడ్డ కప్పో ఇంకను కావలసినదే. రేకుల క్రింద మరియొక ఉపద్రవము కలదు: సాలెపురుగులు. పగలంతయు చూరులో దాగి, రాత్రి దీపముల వెలుగునకు మూగు పురుగులను తిని, తెల్లవారునప్పటికి తెల్లని ఆసనములపై నల్లని చుక్కలు రాల్చిపోవును. ఆ చుక్కలు ఎండినపిమ్మట మరకలగును. తెలియని గృహస్థులు వీనిని పోగొట్టుటకు బ్లీచింగు ద్రావణమును వాడి, మరకతోపాటు కుట్టుదారమును కూడ పోగొట్టుకొందురు. సబ్బునీరును, మెత్తని బ్రష్షును, ఓపికయు చాలును.

ఇక కప్పులేక గుడ్డ మాత్రమే కప్పుట చాలదా యని అడుగువారు కలరు. చాలును, గుడ్డ బిగువుగా, నడుమ స్తంభము లెత్తి, నీరు జారునట్లు, లోపల గాలి ఆడునట్లు కట్టినచో. కాని అట్లు కట్టువారు అరుదు. పది అడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పునగల గుడ్డ నడుమ గుంటపడి, అందులో ఒక అంగుళపు వాన నిలిచెనా, దాని బరువు 400 పౌనులు దాటును. ఆ బరువు ఒక వైపునకే దొరలినచో ఆసనములు, కటకటాలు, దూలము, అన్నియు దాని దారినే ఒరుగును. గాలి ఆడని గుడ్డ క్రింద బూజు పట్టుట మరియొక దోషము. మన యిండ్లలో క్రొత్త సోఫాపై అంగడిలో వేసిన ప్లాస్టికు తొడుగును ఏండ్ల తరబడి తీయకుండుట, చేతిలోని దూరవాణికి నాలుగు పొరల కవచము తొడిగి అది వేడెక్కుచున్నదని నిందించుట, ఈ రెండును నేనెరిగిన సంగతులే. మూయుట వేరు, కాపాడుట వేరు అను వివేకము మనలో పలువురకు లేదు. నాకును ఆలస్యముగానే కలిగినది.

ఈ సందర్భమున చిన్నదిగా తోచు ఒక తప్పును గూర్చి చెప్పవలెను. పడవ ఆనుకొను దూలములపై మెత్తగా ఉండునని తివాసీ గుడ్డ చుట్టుట ఒక పాత అలవాటు. ఆ గుడ్డ నీరు పీల్చి ఆరక, గొట్టముపై తడిపట్టు వేసినట్లు నెలల తరబడి అంటిపెట్టుకొని యుండును. రక్షించుటకై ఎత్తిన పడవను ఎత్తినచోటనే తినివేయు ఉపాయమిది. నీరు నిలువని నునుపు ప్లాస్టికు పలకలు బిగించిన దూలములు మేలు. అవియును పడవ బల్లకు అడుగున నున్న అడ్డపట్టీల బరువు పడు చోట్లకు సరిపడునట్లు అమర్చవలెను, లేనిచో బరువంతయు పలుచని గొట్టపు పొట్టపై పడును. ఎత్తిన పిమ్మట బల్లపై నీరుపోవు రంధ్రములు తెరచియున్నవో లేవో చూచుట, బ్యాటరీ తీగెను విడదీయుట, పడవలో ఎవరైనను కూర్చుండియుండగా ఎత్తకుండుట: ఇవి చెప్పుటకు ఒక నిమిషము, మరచినచో ఒక సంవత్సరము దుఃఖించుటకు చాలును.

కాని వీనియన్నింటికంటె నన్ను కలవరపెట్టినది విద్యుత్తు. గాలి నూదు యంత్రమునకు విద్యుత్తు కావలెను. రేవులో దీపములకు, పంకాలకు, పాటల పెట్టెకు కావలెను. ఒడ్డునుండి తీగె నీటిపై వచ్చును. ఆ తీగె చర్మము ఒకచోట చినిగి, నేలతీగె సరిగా లేకున్నచో విద్యుత్తు నీటిలోనికి కారును. ఉప్పునీరు విద్యుత్తును సులభముగా ప్రసరింపజేయుటచే అది మనిషి దేహమును వదలి చుట్టు దారిని పోవును. మంచినీరు అంత చక్కని వాహకము కాదు, మనిషి దేహము దానికంటె మంచి వాహకము. కావున మంచినీటి సరస్సులో రేవు ప్రక్కన ఈదు బాలుని దేహములోనికి ఆ విద్యుత్తు మరలి, కండరములను స్తంభింపజేసి, కేకవేయనీయకయే ముంచివేయగలదు. చూచువారికి ఈత తెలిసిన పిల్లవాడు ఏ కారణమును లేక మునిగిపోయినట్లు కనబడును. ఇట్టి మరణములు అమెరికా సరస్సులలో జరిగినవి. నేలకు కారు స్వల్ప విద్యుత్తును కూడ కనిపెట్టి క్షణములో తెగవేయు రక్షకసాధనమును ఒడ్డుననే బిగించుట, ఏటేట అనుభవజ్ఞుడగు విద్యుత్పనివానిచే పరీక్ష చేయించుట, విద్యుత్తున్న రేవు సమీపమున ఎవరును ఈదకుండుట, ఈ మూడును పాటింపని యింటికి వారాంతపు విందునకు పిలిచినను పిల్లలను పంపవలదని నా గట్టి అభిప్రాయము. మనవారు క్రొత్త ఇల్లు కట్టినప్పుడు వాస్తుపండితునకు చూపిన శ్రద్ధలో సగమైనను రేవులోని తీగెలకు చూపుట మంచిది. రేవు ప్రక్కన నీటిలో దుముకుట సరదా యని మా మనుమలు తమ తండ్రిని వేడుకొన్నప్పుడు వాడు కాదనినాడు. పిల్లలు అలిగి నా యొడిని చేరినారు. నేనును కాదంటిని, తాతకు అది సులభమైన పని కాకపోయినను.

సరస్సు తనకు తానే ఒక పాఠము చెప్పిన సంవత్సర మొకటి కలదు. నిండుమట్టము సముద్రమట్టముపై 1071 అడుగులని లెక్క. 2007లో ఆ ప్రాంతమున ఘోరమైన అనావృష్టి వచ్చి, ఆ డిసెంబరు చివర నీరు 1051 అడుగులకు కూడ దిగువకు పోయినది. అనగా రెండంతస్తుల యింటి యెత్తున నీరు తరిగినది. అట్లాంటా నగరమునకు త్రాగునీరిచ్చు సరస్సు గావున నగరమంతయు ఉలికిపడినది. ఇంటిముందు తోటలకు నీరు పోయుటయే నిషేధమైనది. లోతులేని వాగుమూలలలో కట్టిన తేలు రేవులు, వానితో ఉట్లు, ఉట్లపై పడవలు, అన్నియు ఎర్రని బంకమట్టిపై దిగబడినవి. తేలుటకు నీరు లేనిచోట తొట్టిలో ఎంత గాలి నూదిన నేమి? తెలివిగలవారు నీరు తగ్గుచుండగనే మోకులు సడలించి రేవును వారమునకొకసారి నడిమికి జరుపుకొనుచు పోయినారు. ఏమరినవారి పడవలు మరల వానలు కురిసి నీరు నిండువరకు మట్టిపైనే నిలిచినవి. గోదావరి వేసవిలో పాయ తప్పి ఇసుకమేటలు వేసినప్పుడు రేవువాడు పాకను, బల్లను పాయ వెంట జరుపుకొనిపోవుటను మా బావగారు చూచియుండిరి. ఈ కథ విని, "మాకూ అంతేనండి, రేవు మాది కాదు, నీటిది" అనిరి.

రేవు నీటిదే గాదు, ప్రజలది కూడ. లేనియర్ సరస్సు చుట్టునున్న ఒడ్డు ప్రభుత్వభూమి. ఇంటి పెరటినుండి నీటివరకు నున్న నేలపై ఎవ్వరైనను నడువవచ్చును. ఇంటియజమాని అక్కడ రేవు కట్టుకొనుటకు సైన్యపు ఇంజనీర్ల అనుమతి పొందవలెను. గడువు తీరగానే దానిని మరల వ్రాయించుకొనవలెను. ఇల్లమ్మినచో ఆ అనుమతి ఇంటితోపాటు పోదు, క్రొత్త యజమాని తన పేరున వేరుగ కోరవలెను. రేవు కొలతలు, కప్పు, తీగెలు అన్నియు వారి పరీక్షకు లోబడియుండవలెను. ఈ కట్టుబాటును గొణుగుచు భరించు మనవారు కొందరు నాకు తటస్థపడిరి. నేను వారి పక్షమున లేను. 692 మైళ్ళ ఒడ్డున ప్రతివాడును తన యిచ్చవచ్చినట్లు రేవు కట్టి, ప్రతి రేవుపై రేకులు కప్పినచో ఆ సరస్సు చూచుటకు సంతబజారువలె నుండెడిది. కప్పు మన పడవకు మేలు; వేయి కప్పులు కంటికిని, ఒడ్డుననున్న చెట్లకును కీడు. అందుచేతనే ముగ్గురు స్నేహితులు ఒక పడవను, ఒక రేవును పంచుకొనుటను నేను మనసార మెచ్చుకొంటిని. లోభముచే కాదు, వాడుక తక్కువయగుచున్న వస్తువును ముగ్గురు వాడుకొనుట వస్తువునకును గౌరవమే. ఖర్చు విషయమున కూడ, ఉట్టికిని కప్పునకును పెట్టిన ధనము ముగ్గురి నడుమ చీలగా, ఒక్కొక్కనికి విదేశపు సెలవు ప్రయాణపు ఖర్చుకంటె ఎక్కువ కాలేదని మా పెద్దవాడు లెక్క చూపెను. లెక్కలో తండ్రికి చెప్పని సున్నలు కొన్ని యుండవచ్చును.

ఈ విషయమును మన పత్రికలో వ్రాయనేల, ఇక్కడ ఎవరికి పాంటూను పడవలు గలవని అడుగువారికి ఒక సంగతి చెప్పుచున్నాను. క్రిందటి చలికాలమున మన ప్రాంతమున ఒక జలాశయపు విహారరేవునకు పోయితిని. క్రొత్తగా వచ్చిన విహారనౌకలు రెండు, రంగులు వెలియకమునుపే, ఒడ్డున రాతికట్టకు తాళ్ళతో బిగించి కట్టబడియుండెను. వానిలో ఒకదాని బల్లపై నిలిచిన వాననీటిలో కప్పపిల్లలు ఈదుచుండెను. నీరుపోవు రంధ్రమునకు అడ్డముగా ఒక బిస్కత్తు పొట్లపు కాగితము. కట్టరాళ్ళకు తగిలి గొట్టము సొట్టపడియుండెను. అక్కడి ఉద్యోగిని అడుగగా, "ప్రారంభోత్సవానికి వచ్చాయండి, మళ్ళీ సెలవులకి తిప్పుతాం" అనెను. తిప్పు దినములను గూర్చి అతనికి తెలియును. తిప్పని దినములను గూర్చి అతనికెవ్వరును చెప్పలేదు. కొనుగోలునకు చెల్లించిన ధనములో పదియవవంతు పెట్టినచో అక్కడ రెండు తేలు ఉట్లు, రెండు రేకుల కప్పులు, ఒక కాపలావాడు ఉండెడివారు. జనమును ఎక్కించు పడవకు ఇది అలంకారము కాదు. చెడిన గొట్టము, కుళ్ళిన బల్ల, తుప్పుపట్టిన బోల్టు, ఇవి నడినీటిలో బయటపడినప్పుడు ఒడ్డుననుండి ఏమియు చేయజాలము. గోదావరిలో విహారనౌకా ప్రమాదములను చూచిన మనకు దీనిని వేరుగ బోధింపనక్కరలేదని నేననుకొంటిని. ఆ కప్పపిల్లలను చూచినపిమ్మట అనుకొనుట లేదు.

లేనియర్ తీరమున మేమున్న చివరివారమున ఒకనాడు సాయంకాలమునకు గాలివాన వచ్చునని మధ్యాహ్నమే హెచ్చరిక వచ్చెను. పిల్లలు ఉద్యోగములకు పోయియుండిరి. ఆకాశమింకను నిర్మలముగానే యుండగా మేమిద్దరు వృద్ధులము రేవునకు పోతిమి. నేను మీట నొక్కి పడవను ఇంకొక అడుగు పైకెత్తితిని. బావగారు ప్రక్కతెరలు చుట్టి కట్టిరి, గాలికి అవి తెరచాపలై రేవునే లాగునని. పిమ్మట నాలుగు మూలల పడవను దూలములకు త్రాళ్ళతో కట్టిరి. నేను బిగించి లాగబోగా వారించి, "అలా లాగి కట్టకండి బావగారూ, బెత్తెడు వదులుండాలి, అల వచ్చినప్పుడు అదీ ఊపిరి తీసుకోవాలి కదా" అనుచు ముడిని తామే సరిదిద్దిరి. ఆ ముడి నేనెరుగనిది. పంటుకు వేయు ముడియట. అంతయు ముగించి, ఒడ్డునకు వచ్చి తీగె మీటను ఆపి, వెనుదిరిగి ఉట్టిమీది పడవను ఒకసారి చూచి, చేతిలో మిగిలిన నైలాను త్రాటి ముక్కను వ్రేళ్ళ నడుమ నలిపి, "ఇది జారుతుందండి. ఈ ఊళ్ళో కొబ్బరితాడు ఎక్కడైనా దొరుకుతుందేమో, అబ్బాయినోసారి కనుక్కోమనండి" అనిరి.